ఒక్క మాట చెప్పడానికి సోలాపూర్ దాకా

మా ఏలూరులో సోలాపూర్ అంటే ఊరు కాదు, దుప్పటి. "ఆ సోలాపూర్ ఇటు పడెయ్" అని మా అమ్మ అందంటే చలేస్తోందని అర్థం. అలాంటి ఊరికి ఒక్కదాన్నే వెళ్ళి మూడు రోజులు ఉండి వచ్చానంటే మా వీధిలో వాళ్ళకి ఆశ్చర్యం. గుడికా, దుప్పట్లు కొనడానికా అని అడిగారు. రెండూ చేశాను గానీ వెళ్ళింది వాటికోసం కాదు. ఒక మనిషిని వెతికి ఒక్క మాట చెప్పి రావాలని వెళ్ళాను. ఆ మాట చెప్పడానికి ఇరవై రెండేళ్ళు ఆలస్యం చేశాను.

నేను చదరంగం మనిషిని. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసే మా నాన్న నాకు ఆరో ఏట పావులు నడపడం నేర్పాడు. తొమ్మిదో ఏట ఆయన్ని ఓడించాను. ఆ రోజు ఆయన వీధంతా తిరిగి చెప్పుకున్నాడు. ఆ తర్వాత బడిలో కంటే రైళ్ళలో ఎక్కువ పెరిగాను. ఎక్కడ టోర్నమెంటు ఉంటే అక్కడికి నాన్న, నేను, ఒక టిఫిన్ క్యారియరు. మహిళా గ్రాండ్‌మాస్టర్ అనిపించుకోవాలంటే గట్టివాళ్ళు ఆడే టోర్నమెంట్లలో మూడుసార్లు ఒక గీత దాటాలి. దాటినప్పుడల్లా ఒక నార్మ్ అంటారు. ఇరవయ్యో ఏటికే రెండు వచ్చాయి. మూడోది రెండేళ్ళు ఏడిపించింది. అరపాయింటులో ఒకసారి పోయింది, జ్వరంలో ఒకసారి పోయింది. నాన్న సెలవులన్నీ అయిపోయాయి.

మూడోసారి, చివరి రౌండులో గెలిస్తే చాలన్న చోట నా ఎదురుగా కూర్చున్నది అంబిక. అప్పుడు నాకు ఇరవై రెండు, ఆమెకి పంతొమ్మిది. సోలాపూర్ నేతపని వాళ్ళ అమ్మాయి. ఆ టోర్నమెంటుకి ముందు ఆ పేరు ఎవరికీ తెలీదు. ఆమె మాట తెలుగులో మొదలై మరాఠీలో తేలేది. మేమంతా అన్నాల దగ్గర అది అనుకరించి నవ్వుకున్నాం. బల్ల మీద మాత్రం నవ్వడానికి ఏమీ లేదు. ఆమె ఆట నాకంటే బాగుంది.

ముప్పై ఎత్తులు దాటాక నా చెయ్యి గుర్రం మీదికి వెళ్ళింది. రెండు వేళ్ళతో దాని తల పట్టుకున్నాను. పట్టుకున్నాక కనబడింది: గుర్రం కదిలితే దారి తెరుచుకుని ఆమె మంత్రి లోపలికొస్తుంది, నా రాజుకి చావే. వేళ్ళు వదిలేశాను. పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. పిల్లలకి మొదటిరోజు నేర్పే రూలు అది. నేను ఏనుగును కదిపాను.

అంబిక చెయ్యెత్తింది. తీర్పు చెప్పే ఆర్బిటర్ వచ్చాడు. పక్క బల్లల మీద ఆటలు అయిపోయాయి, చూసినవాళ్ళు లేరు. ఆమెకి ఇంగ్లీషు రాదు, కంగారులో హిందీ కూడా సరిగ్గా రాలేదు. ఆయన నావైపు తిరిగి, గుర్రాన్ని ముట్టుకున్నావా అని అడిగాడు. లేదన్నాను. గొంతు కూడా తడబడలేదు. తప్పుడు ఫిర్యాదు చేసిందని నా గడియారానికి రెండు నిమిషాలు కలిపారు. ఆ తర్వాత ఆమె ఎత్తులు తొందర తొందరగా వేసింది. ఇంకో పదిహేను ఎత్తుల్లో ఆట నాదైంది.

అక్కడితో అయిపోతే బహుశా మర్చిపోయేదాన్నేమో. హాలు బయట నాన్న నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, తెల్ల టోపీ పెట్టుకున్న ఒక మనిషి కూతురి భుజం పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆమెకి ఆట నేర్పిన మాస్టారు దూరంగా మొహం తిప్పుకుని నిలబడ్డాడు. "చెప్పు" అన్నాడు ఆ తండ్రి. అంబిక నేలకేసి చూస్తూ, "అక్కా, తప్పయింది. ఖోటం చెప్పిన" అంది. ఖోటం అంటే అబద్ధమని నాకు తర్వాత తెలిసింది. నేను "పర్వాలేదులే" అన్నాను.

గుర్రం గురించి నాకు నేను ఏదో ఒక సమాధానం చెప్పుకోగలిగేదాన్ని. ఆ "పర్వాలేదులే"కి ఏ సమాధానమూ దొరకలేదు.

బిరుదు వచ్చింది. పదేళ్ళు దేశాలు తిరిగి ఆడాను. ఆ పైకి పోలేకపోయాను. పెళ్ళయింది, ఏలూరు వచ్చి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాను. కిందటి వేసవిలో నా దగ్గర నేర్చుకునే పదకొండేళ్ళ పిల్ల ఒకతె, ఎవరూ చూడకపోయినా, పావు ముట్టుకున్నానని తనే చెప్పి గెలిచే ఆట ఓడిపోయి వచ్చింది. వాళ్ళమ్మ నా మీదికి గొడవకొచ్చింది, ఇదేనా మీరు నేర్పేది అని. అవును ఇదే నేర్పాను అని గట్టిగా చెప్పాను. చెప్పి ఇంట్లోకి వచ్చాక నేను కుదురుగా కూర్చోలేకపోయాను. ఒక నెల అలాగే తిరిగాను, వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి. మా ఆయనకి చెప్పాను. ఆయన, "టికెట్ తియ్యనా?" అన్నాడు. నా దగ్గర ఉన్న ఆనవాళ్ళు మూడు: అంబిక, తండ్రి నర్సయ్య, వాళ్ళుండే దాజీ పేట్.

వాడి జంక్షన్ దాటాక

పగటి రైలు. తాండూరు దాటితే నేల నల్లబడుతుంది, చెట్లు పల్చబడతాయి. వాడి జంక్షన్‌లో అనవసరంగా దిగాను, ఆ ముందు రెండు స్టేషన్లలో దిగినట్టే. ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ నడుస్తుంటే రైలు కదిలింది. పరిగెత్తి ఎక్కడంలో ఎడమకాలి చెప్పు కిందే ఉండిపోయింది. రెండో చెప్పు చేత్తో పట్టుకుని వచ్చి కూర్చుంటే ఎదుటి సీట్లో పెద్దావిడ కాసేపు నన్ను చూసి, "అది గూడ పారెయ్ రాదు, ఒక్కటి ఏం జేస్తవ్" అంది.

ఆవిడ సిరిసిల్లలో పెళ్ళికి వెళ్ళి సోలాపూర్ తిరిగి వెళ్తోంది. పుట్టింది సోలాపూర్‌లోనే, వాళ్ళ తాత ఎప్పుడో మగ్గం పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడట. నా తెలుగు ఆవిడకి టీవీ తెలుగులా ఉందట. ఆవిడ తెలుగు నాకు మొదటి పావుగంట సగమే అర్థమైంది. కొడుకుతో ఫోన్‌లో మరాఠీ, టీ అబ్బాయితో హిందీ, నాతో తెలుగు, ఒక్క ఊపిరిలో మూడూ నడిపేది. మధ్యాహ్నం మూట విప్పి అప్పడంలా పటపటలాడే జొన్న రొట్టెలు తీసింది. కడక్ రొట్టె అంటారట, నెలైనా పాడవదట. దాని మీద శేంగా చట్నీ. మేం చట్నీ అంటే జారుగా ఉంటుంది కదా, వాళ్ళది పొడి. వేరుశనగ, ఎర్ర కారం, వెల్లుల్లి కలిపి నూనె ఊరేదాకా దంచుతారట. పైన గడ్డపెరుగు వేసిచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచీ నా గొంతు దిగిన మొదటి ముద్ద అదే.

ఎవరింటికి అని అడిగింది. ఒక చిన్నప్పటి స్నేహితురాలింటికి అన్నాను. అనగానే నా మీద నాకే అసహ్యమేసింది. అబద్ధాన్ని దింపుకోవడానికి బయల్దేరి దారిలో ఇంకోటి ఎత్తుకున్నాను. కలబురగి దాటాక ఆవిడకి చెప్పేశాను, స్నేహితురాలు కాదు, నేను అన్యాయం చేసిన మనిషి అని. ఆవిడ ఎంత అన్యాయమని అడగలేదు. నా కాళ్ళ వైపు చూసి, స్టేషన్ బయట చెప్పులు కొనుక్కొమ్మంది, వాళ్ళ గుమ్మంలోకి ఉత్త కాళ్ళతో పోతే బాగుండదని.

కొంతం చౌక్ దగ్గర

మర్నాడు పొద్దున్నే లాడ్జిలోంచి బయటపడి నేరుగా దాజీ పేట్ వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. కొంతం చౌక్ దగ్గర రెండుసార్లు టీ తాగాను. మార్కండేయుడి గుడికి వెళ్ళి దండం పెట్టుకుని, ఏం అడగాలో తెలీక వచ్చేశాను. ఇక్కడ దుకాణాల బోర్డులు మరాఠీలో, లోపల బేరాలు తెలుగులో. పాలవాడితో ఒక ముసలాయన కరీంనగర్ యాసలో తగువు పడుతుంటే, ఇది మహారాష్ట్ర అని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది.

ఒక చద్దర్ల దుకాణంలో దూరాను. మనం దుప్పటి అంటాం, వాళ్ళు చద్దర్ అంటారు. దుకాణాయన ఒక్కొక్కటీ విప్పి గాలిలో విసిరి పరుస్తుంటే వద్దనలేక ఎనిమిది పరిపించాను. మా ఊళ్ళో పద్నాలుగు వందలు చెప్పేది ఇక్కడ తొమ్మిది వందలన్నాడు. బేరమాడే ఓపిక లేక రెండు తీసుకున్నాను. బేరమాడనందుకు ఆయనకి నా మీద అనుమానం వచ్చినట్టుంది, ఎందుకొచ్చారని అడిగాడు. దాజీ పేట్‌లో అంబిక, చదరంగం ఆడేది అని చెప్పాను. చదరంగం సంగతి తెలీదుగానీ ఒక అంబిక ఉందని సందు గుర్తులు చెప్పాడు. రెండు దుప్పట్లు చంకలో పెట్టుకుని నడిచాను. నాలుగు అడుగులకో ఇంట్లోంచి మగ్గం చప్పుడు వస్తోంది.

దాజీ పేట్‌లో తప్పు ఇల్లు

ఆ ఇంటి వసారాలో ఒక ముసలమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అంబిక ఉందా అంటే, కోడలు బజారుకి పోయింది, కూచో అంది. కూర్చున్నాను. నేను చేతులు నలుపుకోవడం చూసి ఆవిడ ఒక తునికాకు నా చేతిలో పెట్టింది, "ఊకె గూసుంటె ఏమొస్తది, సుట్టు" అని. ఆకును కొలత ప్రకారం కత్తిరించి, చిటికెడు పొగాకు పరిచి, వేళ్ళతో దొర్లించి, కొన మడిచి దారం కట్టాలి. ఆవిడ నాతో మాట్లాడుతూనే, చేతుల వైపు చూడకుండానే చుట్టేస్తోంది. గంటలో నేను చుట్టినవి పదకొండు. అందులో తొమ్మిదింటిని ఆవిడ విప్పేసింది.

అప్పుడు కోడలు వచ్చింది. పాతికేళ్ళు కూడా లేవు.

నేను లేచి నిలబడి, క్షమించండి, నేను వెతికే అంబికకి నలభై దాటి ఉంటాయి, వాళ్ళ నాన్న నర్సయ్య అన్నాను. ముసలమ్మ చాట పక్కన పెట్టి నవ్వింది. ముందు చెప్పరాదా అంది. ఆ నర్సయ్య వాళ్ళు ఈ సందులోనే ఉండేవాళ్ళట, ఇప్పుడు కుంఠా నాకా వైపు పోయారట. ఆ తర్వాత అంది, "ఆ పోరినా? ఆటల ఖోటం చెప్పి బద్నామ్ అయింది, గా పోరి."

ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆ ముసలమ్మకి చదరంగమంటే ఏమిటో తెలీదు. అంబిక మొహం కూడా సరిగ్గా గుర్తు లేదు. ఆ ఒక్క ముక్క మాత్రం గుర్తుంది. దుప్పట్లు అక్కడే మర్చిపోయి బయటికొచ్చేశాను. కోడలు వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇచ్చింది.

కుంఠా నాకా

ఆటోవాడు చెప్పిన సందులో మూడో ఇల్లు. ముందు గదిలో తెల్ల తువ్వాళ్ళు నడుమెత్తు గుట్టగా పోసి ఉన్నాయి. గుట్ట వెనక కుట్టుమిషను మీద ఒకామె తువ్వాళ్ళ అంచులు కుడుతోంది. అంచు అయిపోగానే కత్తెర, వెంటనే ఇంకో తువ్వాలు. కాస్త లావైంది. కళ్ళద్దాలు వచ్చాయి. చెయ్యి కదిలే తీరు చూసి పోల్చుకున్నాను.

నా పేరు చెప్పాను. మిషను ఆగింది. ఆమె కూర్చోమనలేదు, వెళ్ళమననూ లేదు. రైల్లో పదిసార్లు వరస కట్టుకున్న మాటలన్నీ పోయాయి. "ఆ రోజు నేను గుర్రాన్ని పట్టుకున్నాను. మీరు చూసింది నిజం. నేనే అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. తనకి తను చెప్పుకుంటున్నట్టు అంది: "చూసిన్నని నాకు తెలుసు. చానా రోజులు తెలుసు. అందరు కాదంటుంటె కాదంటుంటె, తర్వాత నాకే తెల్వకుండ వోయింది. నిజంగ చూసిన్నా, ఓడిపోతనని భయానికి అట్ల అనిపించిందా అని."

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలుగా చెప్పింది. మాస్టారు ఊరికి చెడ్డపేరు తెచ్చావని ఆమెను జట్టులోంచి తీసేశాడు. పెదనాన్న ఇంట్లో పంచాయితీ పెట్టి, ఆడపిల్లను ఊళ్ళు తిప్పితే ఇంతే అన్నాడు. తండ్రి బల్ల, పావులు తీసి ఎవరికో ఇచ్చేశాడు. పెళ్ళయ్యాక ఆ మాట అత్తింటికి కూడా వచ్చింది. ఏ గొడవొచ్చినా అత్త చివరికి అక్కడే తేల్చేది. ఇదంతా ఆమె కోపంగా చెప్పలేదు. తువ్వాళ్ళు మడతపెడుతూ చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నన్ను క్షమించమని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మాఫీ సంగతి పక్కకు వెట్టు. నాకు చెప్పినవ్, అయిపోయింది. మా నాన్నకు చెప్పు."

మగ్గాల షెడ్డు

నర్సయ్య గారికి డెబ్భై దాటాయి. మగ్గం నడపడం మానేశారుగానీ ఆ షెడ్డులోనే మగ్గాలకి నూలు కండెలు చుట్టి ఇచ్చే పనిలో ఉన్నారు. షెడ్డు రెండు సందుల అవతల. దూరం నుంచే నేల అదురుతుంది. లోపల ఇరవై పవర్‌లూములు, ఒక్కొక్కటీ మనిషి ఒళ్ళంతా కుదిపే చప్పుడు. గాలి నిండా దూది నూగు. మగ్గం దగ్గర మనుషులు మాట్లాడుకోరు, చేతులతో సైగ చేసుకుంటారు.

ఆయన మూలగా కూర్చుని ఉన్నారు, కనుబొమ్మల మీద తెల్లగా నూగు. అంబిక సైగతో నన్ను చూపించింది. నేను వంగి చెప్పాను. ఆయన నవ్వి, యజమాని గది వైపు వేలు చూపించారు. తువ్వాళ్ళు కొనడానికి వచ్చాననుకున్నారు. ఇంకా దగ్గరికి వెళ్ళి చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "జర జోర్ల చెప్పమ్మా, ఇనస్తలేదు" అన్నారు. అంబిక నా పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. సాయం చెయ్యలేదు.

అరిచాను. ఏలూరులో పిల్లల్ని కూడా అంత గట్టిగా పిలిచి ఎరగను. ఆయన ఇంకా అర్థం కానట్టు చూస్తుంటే దగ్గరి మగ్గం మనిషి, ఏదో ముఖ్యమైన సంగతనుకున్నాడో ఏమో, తన మగ్గం ఆపాడు. పక్కవాడూ ఆపాడు. వరసగా ఒక్కొక్కటీ ఆగుతూ వచ్చాయి. నాకది తెలీలేదు, నేను అరుస్తూనే ఉన్నాను. చివరి మగ్గం ఆగేసరికి షెడ్డంతా నా గొంతే వినబడింది.

"మీ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. నేను ముట్టుకున్నాను. అబద్ధం చెప్పింది నేను."

పదిమందో పన్నెండుమందో నన్నే చూస్తున్నారు. నర్సయ్య గారు చేతిలో కండె కింద పెట్టారు. నన్ను కాదు, కూతుర్ని చూశారు. తర్వాత నన్నడిగారు:

"గుర్రమా?"

"గుర్రమే" అన్నాను.

ఆయన లేచారు. ఒంటి మీద నూగు దులుపుకుని, మేకుకున్న చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకున్నారు. "రా అమ్మా" అని ముందు నడిచారు. ఎక్కడికి నాన్నా అని అంబిక అడిగింది. ఆయన అప్పటికే వాకిలి దాటారు. మా వెనక మగ్గాలు మళ్ళీ ఒక్కొక్కటీ మొదలయ్యాయి.

మూడు గడపలు

నా యాత్రలో చూసిన వీధులన్నీ ఆ మధ్యాహ్నమే చూశాను, నర్సయ్య గారి వెనకాల నడుస్తూ. మొదట దాజీ పేట్‌లో ఆయన అన్నగారి ఇల్లు. పెద్దాయన మంచం మీద ఉన్నారు. నర్సయ్య గారు నన్ను గడప లోపల నిలబెట్టి, "ఈమె చెప్తది, ఇను" అని మాత్రం అన్నారు. చెప్పాను. గుర్రం దగ్గర్నుంచి "పర్వాలేదులే" దాకా. పెద్దాయన అంతా విని, ఇప్పుడు చెప్పి ఏం లాభం అన్నారు. లాభం కోసం కాదు అన్నా, ఇను అని నర్సయ్య గారు మళ్ళీ అన్నారు. కోడలు టీ తెచ్చింది. మా ఇళ్ళలో అయితే ఇలాంటి మాట చెప్పిన మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వరు. వాళ్ళు టీ ఇచ్చి, తాగేదాకా మాట్లాడకుండా కూర్చున్నారు. అది తిట్టుకంటే కష్టంగా ఉంది.

రెండోది మాస్టారి ఇల్లు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. గోడ మీద ఫోటో, దండ. ఆయన భార్య నాకు పీట వేసింది. ఎవరికి చెప్పాలో తెలీక ఫోటో వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూస్తూ చెప్పాను. ఆవిడ ఏడ్చింది. ఆ తర్వాత ఏ పిల్లా ఆయన దగ్గరికి అంత ఆట ఉన్నది రాలేదట. అంబిక ఆటలు రాసుకున్న పుస్తకం చాలా రోజులు దాచుకున్నాడట, మధ్యమధ్యలో తీసి ఒక్కడే బల్ల మీద ఆడుకునేవాడట. "ఆయన ఉండంగ అస్తే బాగుండు" అంది. అంబిక అంతసేపూ గుమ్మం బయటే నిలబడి ఉంది. ఆ మాటకి మాత్రం లోపలికొచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

అప్పటికి ఎండ వాలింది. కొత్త చెప్పులు కరిచి మడమ మీద బొబ్బలు లేచాయి. మధ్యాహ్నం భోజనం లేదు. ఇంక చాలు నాన్నా అని అంబిక అంది. ఇంకొక్కటి ఉంది అన్నారాయన.

మూడోది ఇందాక నేను వెళ్ళిన ఇల్లే, అంబిక అత్తవారిల్లు. వాళ్ళ అత్తగారు వసారాలో బీడీలు కట్టలు కడుతోంది. మమ్మల్ని ముగ్గుర్నీ కలిపి చూసి చెయ్యి ఆపింది. నేను అలవాటుగా గొంతు సవరించుకున్నాను. నర్సయ్య గారు నన్ను చేత్తో ఆపారు. వియ్యపురాలి ఎదురుగా నేల మీద కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"అక్కా, ఈమె గుర్రం ముట్టుకున్నది. నా బిడ్డ చూసింది. ఉన్నదే చెప్పింది" అన్నారు. ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. "నేనే నమ్మలే. నడిబజార్ల నిలవెట్టి ఖోటమని ఒప్పించిన."

అంబిక చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. కాసేపటికి కుట్టుమిషను చప్పుడు వినబడింది. అత్తగారు ఆ చప్పుడు వింటూ ఉండి, కట్ట పక్కన పెట్టి, లేచి తనూ లోపలికి వెళ్ళింది. మేం బయటే కూర్చున్నాం, నర్సయ్య గారూ నేనూ. ఆయన నా మడమలు చూసి, ఎదురింటి పిల్లతో పసుపు తెప్పించారు.

తిరుగు రైలు

మూడో రోజు అంబిక స్టేషన్‌కి వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. తువ్వాళ్ళు ఒప్పజెప్పే చోటు ఇటేనంది. ప్లాట్‌ఫాం మీద ఇద్దరం నిలబడ్డాం. ఇరవై రెండేళ్ళుగా ఆమె పెద్ద క్రీడాకారిణి అయ్యేదని, నా వల్ల పోయిందని నేననుకుంటూ వచ్చాను. అదే చెప్పాను. మీ బిరుదు నేను తీసుకున్నాను అన్నాను.

ఆమెకి నా మాట నచ్చలేదు. ఈసారి కొంచెం కోపంగానే అంది: "నేను గ్రాండ్‌మాస్టర్ గాకపోదును. నాకు ఎరికే. ఇంక ఐదారేండ్లు ఆడుతుంటి, గెలుస్తుంటి, ఓడుతుంటి, బస్ అని ఒకనాడు నేనే ఆపుతుంటి. ఆపేది నా చేతుల ఉండె. గది తీసుకున్నవ్ నువ్వు."

రైలు వచ్చింది. నేను చెయ్యి చాపలేదు. ఆమె ఎక్కించడానికి బ్యాగు ఒక కొస పట్టుకుంది. కిటికీ దగ్గర కూర్చుని చూసేసరికి మెట్లెక్కి వెళ్ళిపోతోంది.

మనసు తేలికపడి తిరిగొస్తానని అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. తాండూరు దాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. కాకపోతే స్టేషన్లలో దిగలేదు.

ఏలూరు

వచ్చిన వారానికి చదరంగం పెద్దలకి ఉత్తరం రాశాను, ఆ ఆట సంగతి, నా బిరుదు సంగతి, ఏం చేస్తారో మీ ఇష్టం అని. అంత పాత ఫలితాన్ని మార్చే పద్ధతి లేదని, విషయం పరిశీలనలో ఉందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. నా దగ్గర నేర్చుకునే పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి చెప్పాను. ఏడుగురు మానిపించారు. గొడవకొచ్చిన ఆ తల్లి మాత్రం కూతుర్ని పంపుతూనే ఉంది. ఎందుకో అడగలేదు నేను. మా నాన్నకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, ఆ పెద్దమనిషి ఫోన్ నంబరు ఉందా అని అడిగాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఒకాయనకి వినబడదు, ఇంకొకాయన గొంతు పెగల్లేదు.

నెల దాటాక ఒక సాయంత్రం అంబిక ఫోన్ చేసింది. నా నంబరు మా నాన్న నుంచే తీసుకుందట. క్షేమం అదీ అడగలేదు. వెనకాల మిషను చప్పుడు లేదు, అంటే పని ఆపి మాట్లాడుతోందన్నమాట. వాళ్ళ నాన్న ఈమధ్య ఎవరు కనబడితే వాళ్ళకి ఈ కథ చెబుతున్నాడట. గుడి దగ్గర, షెడ్డులో, పెళ్ళిళ్ళలో. చెప్పినప్పుడల్లా కథ కొంచెం పెరుగుతోందట. ఇప్పుడు ఆయన చెప్పే దాంట్లో నేను షెడ్డులోకి ఏడ్చుకుంటూ వచ్చి, అందరిముందూ ఆయన కాళ్ళ మీద పడ్డానట.

పెద్దాయన అలా చెప్పుకుంటే తృప్తిగా ఉంటుందేమో, చెప్పుకోనీ అనుకున్నాను. అదే అందామనుకునేలోపు ఆమె అంది:

"అట్ల చెప్పినప్పుడల్లా నేను ఆపుతున్న. కాదు నాన్నా, కాళ్ళ మీద పడలే. నిలవడి చెప్పింది, నేను చూసిన అంటున్న."